మౌస్ కదిపితే స్పీకర్లలో కీచుమంటోంది, ఏ డాక్ తీసుకోవాలి?

తీగలపెట్టె:
డెస్క్‌టాప్ వెనకున్న 3.5 మి.మీ. జాక్ నుంచి స్టీరియో యాంప్‌కి తీగ వేశాను. పాట ఆగగానే సన్నగా కీచుమంటోంది, మౌస్ కదిపితే ఆ చప్పుడు మారుతోంది. దాని కింద గుయ్యిమని హమ్ కూడా ఉంది. బయటి డాక్ (డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) పెడితే ఇవి పోతాయా? చూసిన రెండిటిలో ఒకదానికి యూఎస్‌బీ మాత్రమే ఉంది, కానీ చిప్ కొత్తది, అంకెలు బాగున్నాయి. రెండోదానికి యూఎస్‌బీ, ఆప్టికల్, కోయాక్సియల్ (రాగి తీగ డిజిటల్) ఇన్‌పుట్లు మూడూ ఉన్నాయి. టీవీ కూడా దానికే కలపాలి. వినేవి దాదాపు అన్నీ 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ ఫైళ్లే.

శ్రుతిబాక్స్:
చిప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ చప్పుడు ఎక్కడ పుడుతోందో తేల్చుకోండి, ఐదు నిమిషాల పని. యాంప్ తీగ పీకేసి అదే జాక్‌లో హెడ్‌ఫోన్ పెట్టి వినండి. కీచు అలాగే ఉంటే లోపం మదర్‌బోర్డు అనలాగ్ భాగంలోనే ఉంది, మామూలు డాక్ పెట్టినా పోతుంది. హెడ్‌ఫోన్‌లో ఏమీ లేక, యాంప్ కలిపినప్పుడే వస్తుంటే అది గ్రౌండ్ లూప్. కంప్యూటర్, యాంప్ గోడ ప్లగ్గుల ఎర్త్ ద్వారా ఒకసారి, ఆడియో తీగ షీల్డ్ ద్వారా ఇంకోసారి కలుస్తాయి. ఆ షీల్డ్‌లో పారే కొద్దిపాటి కరెంటే పాటతోపాటు యాంప్‌లోకి వెళ్తుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. యూఎస్‌బీ తీగలో కూడా గ్రౌండ్ ఉంటుంది. యూఎస్‌బీ డాక్ ఎంత మంచిదైనా ఆ లూప్ దాని గుండానే తిరగవచ్చు. ఆప్టికల్‌లో వెళ్లేది వెలుగు, రాగి తీగ ఉండదు కాబట్టి లూప్ అక్కడే తెగిపోతుంది. అందుకే మూడు ఇన్‌పుట్లున్నదే తీసుకోండి. ఒక్క జాగ్రత్త: ఆప్టికల్ కలిపి, డాక్‌కి పవర్ మాత్రం కంప్యూటర్ యూఎస్‌బీ నుంచే ఇస్తే తెంపిన లూప్‌ని మళ్లీ మీరే కలిపినట్టు. పవర్ వేరే రెండు పిన్నుల అడాప్టర్ నుంచి ఇవ్వండి.

హమ్ పోవాలని యాంప్ ఎర్త్ పిన్ తీసేయమనేవాళ్లు ఉంటారు. ఆ పని చేయకండి. లోపల ఏదైనా తెగి పెట్టెకి తగిలితే షాక్ కొడుతుంది.

కిలోహెర్ట్జ్:
పై మాటకి కొనసాగింపుగా టీవీ గురించి. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అవుట్‌ని పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ ఆడియో) మీద పెట్టండి. ఆటో మీదో డాల్బీ మీదో వదిలేస్తే స్టీరియో డాక్ దాన్ని విప్పలేదు, శబ్దమే రాదు, లేదా బుస్సుమంటుంది. కొత్త ఆప్టికల్ కేబుల్ రెండు చివర్లా చిన్న పారదర్శక తొడుగులుంటాయి. అవి తీయకుండా గుచ్చి, డాక్ పాడైందనుకునేవాళ్లు తక్కువేం కాదు. తొడుగులు తీశాక ఒక చివర టీవీకి పెడితే రెండో చివర ఎర్రటి వెలుగు కనబడాలి. కేబుల్‌ని మడత పడేలా వంచకూడదు.

ఇక అంకెలు. 16 బిట్ ఫైలు డైనమిక్ రేంజ్ (అతి మెల్లటి, అతి గట్టి శబ్దాల మధ్య తేడా) సుమారు 96 డెసిబెళ్లు. డాక్ సినాడ్ (పాటకీ, డాక్ అందులో కలిపే రొద, వక్రీకరణలకీ మధ్య తేడా, డెసిబెళ్లలో) 100 దాటాక మిగిలినది కొలిచే యంత్రానికి తెలుస్తుంది గానీ స్పీకర్ల ముందు కూర్చున్న చెవికి తెలియదు. 115కీ 122కీ తేడా చూసి డబ్బు ఎక్కువ పెట్టడం దండగ. చిప్ కంటే దాని చుట్టూ ఉన్న పవర్ సప్లై, అవుట్‌పుట్ దశ ముఖ్యం. హెడ్‌ఫోన్ కూడా వాడతారా? అయితే ఆ జాక్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (లోపలి నిరోధం) చూడండి. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి అది 4 ఓమ్‌లు దాటకూడదు.

తీగలపెట్టె:
హెడ్‌ఫోన్‌లో ఏమీ లేదు, యాంప్ కలిపితేనే వస్తోంది. మదర్‌బోర్డుకి ఆప్టికల్ అవుట్ ఉంది. వాల్యూమ్ డాక్‌లో తగ్గించాలా, యాంప్‌లోనా? కొన్నాక పాతదానితో పోల్చి వినడం ఎలా?

శ్రుతిబాక్స్:
అయితే లూపే, ఆప్టికల్‌తో పోతుంది. యాంప్‌కి నాబ్ ఉంది కాబట్టి డాక్‌ని ఫిక్స్‌డ్ అవుట్‌పుట్‌లో (వాల్యూమ్ పూర్తి స్థాయిలో నిలిచిపోయే సెట్టింగ్) పెట్టి యాంప్‌లో తగ్గించుకోండి. డాక్‌ని నేరుగా నాబ్ లేని పవర్ యాంప్‌కో యాక్టివ్ స్పీకర్లకో కలిపితే మాత్రం ఫిక్స్‌డ్ పనికిరాదు, మొదటి పాటకే పూర్తి వాల్యూమ్ స్పీకర్ల మీద పడుతుంది. ఆన్ చేసేటప్పుడు డాక్ ముందు, యాంప్ చివర. ఆపేటప్పుడు యాంప్ ముందు. లేకపోతే టప్‌మంటుంది.

పోల్చడానికి మల్టీమీటర్ కావాలి. 100 హెర్ట్జ్ సైన్ టోన్ ప్లే చేసి ఏసీ వోల్టుల్లో యాంప్‌కి వెళ్లే ఆర్‌సీఏ ప్లగ్ నడిమి పిన్నుకీ బయటి రింగుకీ మధ్య కొలవండి. పూర్తి స్థాయి టోన్‌కి చాలా డాక్‌లు 2 వోల్టులిస్తాయి, మదర్‌బోర్డు జాక్ తరచూ అంతకన్నా తక్కువే. రెండిటి మధ్య తేడా 1 శాతం లోపు ఉండేలా ఎక్కువున్నదాన్ని తగ్గించాకే వినండి. 0.1 డెసిబెల్ అంటే దాదాపు అంతే. గట్టిగా పలికేదే చెవికి మంచిగా వినిపిస్తుంది, అందుకే సరిచేయకుండా పోలిస్తే ఎక్కువ వోల్టులున్నదే గెలుస్తుంది.