ఈఈజీ, ఐ ట్రాకర్ కలిపి వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. ఫోటోలను మనిషి తనకిష్టమొచ్చినట్టు చూస్తున్నప్పుడు మెదడు ఎలా స్పందిస్తుందో తెలుసుకోవడానికి ఈఈజీ (తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ సంకేతాల్ని కొలవడం), ఐ ట్రాకింగ్ (చూపు ఎటు కదులుతోందో కొలవడం) ఒకేసారి రికార్డ్ చేస్తున్నాను. రెండు మెషీన్లకీ ఒకే ట్రిగ్గర్ (టైమ్ గుర్తుపెట్టే సిగ్నల్) వెళ్తోంది, ఈఈజీల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఐ-ఈఈజీ ప్లగిన్‌తో కలిపాక టైమింగ్ బాగానే కుదిరింది, అక్కడ ఇబ్బంది లేదు.

అసలు తలనొప్పి ఆ తర్వాతే. చూపు కదలడం మొదలయ్యే క్షణంలో కంటి కండరాల నుంచి ముల్లులా సన్నగా ఒక స్పైక్ వస్తోంది. ఐసీఏ (కలిసిపోయిన సిగ్నళ్లను మూలాలవారీగా విడదీసే పద్ధతి) చేస్తే కనుగుడ్డు తిరగడం వల్ల వచ్చే పెద్ద అలలు పోతున్నాయి గానీ ఈ స్పైక్ మాత్రం తల వెనక ఎలక్ట్రోడ్లలో కూడా కాస్త మిగిలిపోతోంది. ఐసీఏకి ఇచ్చే డేటాకి 2 హెర్ట్జ్ హైపాస్ (అంతకన్నా నెమ్మదైన అలల్ని తీసేసే ఫిల్టర్) పెట్టి, స్పైక్ ఉన్న ముక్కల్ని ఎక్కువసార్లు చేర్చమంటున్నారు. అలా చేస్తే చూపు నిలిచాక దాదాపు 100 మిల్లీసెకన్లకు వచ్చే లాంబ్డా అనే మెదడు స్పందన, నాకు ముఖ్యంగా కావలసింది అదే, అది కూడా కొట్టుకుపోతుందా?

ఇంకోటి. మనం సెకనుకి మూడు నాలుగు సార్లు చూపు మారుస్తాం కాబట్టి ఒక స్పందన పూర్తికాకముందే తర్వాతది వచ్చి మీద పడుతుంది, మామూలు యావరేజింగ్‌ని ఇక్కడ నమ్మలేం. అన్‌ఫోల్డ్ టూల్‌బాక్స్‌తో విడదీద్దామనుకుంటున్నాను. సకేడ్ (చూపు ఒక్కసారిగా దూకడం) ఎంత దూరం వెళ్లిందన్నదాన్ని మోడల్‌లో స్ప్లైన్‌గా (వంపు తిరిగే గీతలా) పెట్టాలా, లీనియర్‌గా (సరళరేఖలా) పెడితే చాలా? దూరం పెరిగేకొద్దీ స్పందన ఒకే లెక్కన పెరగడం లేదు, అందుకే లీనియర్ అంటే భయంగా ఉంది.

చేసి చూసినవాళ్లు మీ సెట్టింగులు చెప్తే చాలా మేలు చేసినవారవుతారు.