‘మంచి పర్సనాలిటీ’ని తెలుగులో ఏమనాలి?

సేల్స్ ఉద్యోగాల ప్రకటన ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘మంచి పర్సనాలిటీ ఉండాలి’ అన్నచోట ‘వ్యక్తిత్వం’ అని రాశాను. ప్రకటన ఇచ్చినాయన ఒప్పుకోలేదు. "అది కాదండీ, మనిషి చూడ్డానికి బాగుండాలి" అన్నారు. ఇది తప్పు వాడుకే కదా?

— తప్పనలేమండి. ‘ఆయనది మంచి పర్సనాలిటీ’ అని మనవాళ్లంటే ఒడ్డూ పొడుగూ బాగున్న మనిషనే అర్థం. గుణం సంగతి అందులో రాదు. పైగా ఆ మాటకు మూలమైన లాటిన్ ‘పెర్సోనా’కు నటులు పెట్టుకునే ముసుగు అని అర్థం. పైకి కనిపించేదే మరి!

— మాట సంగతి సరే, ఈ కలగాపులగం మనుషుల బుర్రలోనే ఉంది. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, సైనికాధికారులు తమ కింది వాళ్లకు వేసిన మార్కులు పరిశీలించాడు. శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, స్వభావం దేనికది విడిగా వెయ్యాలి. కానీ ఒకదాంట్లో ఎక్కువ పడ్డవాడికి మిగతా వాటిలోనూ ఎక్కువే పడ్డాయి. దీనికే ‘హేలో ఎఫెక్ట్’ అని పేరు. చంద్రుడి చుట్టూ గుడి కడుతుంది చూడండి, దాన్నీ ఇంగ్లీషులో హేలో అనే అంటారు. ఇంటర్వ్యూలోనూ అంతే. ముఖం కళగా ఉంటే మాటకారి అనీ, నమ్మకస్తుడనీ మనమే కలిపేసుకుంటాం.

— సేల్స్‌లో మాత్రం కొనేవాళ్లూ ముఖం చూస్తారు కదండీ. యజమాని లెక్కలో అదీ ఒక అర్హతే.

— అందరూ చెప్పే మాటే అది. కానీ హామర్‌మెష్, బిడిల్ అనే ఆర్థికవేత్తలు 1994లో అమెరికా, కెనడా జీతాల లెక్కలు తీస్తే, అందగాళ్లకు ఎక్కువ, అందం తక్కువనిపించిన వాళ్లకు తక్కువ వస్తున్నట్టు తేలింది. ఆ తేడా చాలావరకు ఉద్యోగంతో నిమిత్తం లేనిదే. కొనేవాళ్ల మీద నెపం పెట్టి లాభం లేదు.

— మనకు ‘విగ్రహపుష్టి, నైవేద్యనష్టి’ అని ఉండనే ఉంది. టార్గెట్ దగ్గర తేలుతుంది.

— అందరికీ ధన్యవాదాలు. చివరికి ‘చూడచక్కని రూపం ఉండాలి’ అని రాసి పంపాను. "అమ్మో, అలా రాస్తే బాగోదు, పర్సనాలిటీ అనే ఉంచండి" అన్నారు.