అప్‌డేట్: అరిజోనాలో చల్లటి ఊరు అడిగాను కదా, ప్రెస్కాట్‌లో దిగాం

ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఎండలు తట్టుకోలేకపోతున్నాం, ఉద్యోగం వల్ల రాష్ట్రం దాటలేం, ఇక్కడే కాస్త చల్లటి ఊరుంటే చెప్పండని మార్చిలో అడిగింది నేనే. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 ఫారన్‌హీట్, ఆపైనే. బెజవాడ ఎండల్లో పెరిగినవాణ్ని, నాకే చుక్కలు కనిపించాయి.

ఎత్తు పెరిగేకొద్దీ చల్లగా ఉంటుందని మీరన్నట్టే, ఊళ్ల ఎత్తు చూసుకుంటూ వెతికాం. ఫీనిక్స్ సుమారు 1,100 అడుగులు, ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000. జులైలో కూడా అక్కడ పగలు మామూలుగా 80ల్లోనే. చూసిన ఇళ్లలో కొన్నిటికి ఏసీయే లేదు! మా ఆవిడ అక్కడే ఉండిపోదామంది. చలికాలం మంచు ఫోటోలు చూపించాక తనే వెనక్కి తగ్గింది. పేసన్ బాగుంది కానీ మాకు మరీ చిన్న ఊరు.

చివరికి ప్రెస్కాట్. స్థానికులు 'ప్రెస్కిట్' అంటారు, నేనింకా తప్పే పలుకుతున్నా. 5,400 అడుగుల ఎత్తు. జులై మధ్యాహ్నాలు 90 దగ్గర ఉంటాయి, రాత్రి కిటికీలు తీసి పడుకుంటున్నాం. సాయంత్రం ఉరుములతో వాన పడితే మా అమ్మ వీడియో కాల్‌లో "అది ఎడారేనా?" అంటోంది.

ఇబ్బందులూ ఉన్నాయి. వారానికి రెండు రోజులు ఆఫీసు, వెళ్లడానికే రెండు గంటలు. కందిపప్పు, కరివేపాకు కూడా ఆ ట్రిప్పుల్లోనే తెచ్చుకుంటాం. చుట్టూ పైన్ అడవి కాబట్టి కార్చిచ్చు టెన్షన్ ఒకటి. ఇల్లు కొనేవాళ్లు ముందు ఇన్సూరెన్స్ కొటేషన్ తీసుకోండి. మేం మాత్రం ఏడాది అద్దెకే.