అరిసెలు రాళ్లవుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న (జయపురం, కొరాపుట్ జిల్లా):
1882లో జర్మన్ లూథరన్ మిషనరీలు వచ్చిన జిల్లా మాది. చర్చిలో ఆరాధన ఒడియాలో, ఇంట్లో పాటలు తెలుగులో. క్రిస్మస్‌కి వెదురు బద్దల నక్షత్రం మావారు కట్టేశారు, నా టెన్షనంతా అరిసెలే. అత్తగారు మంచం పట్టాక నిరుడు నేనే చేశాను. 24 రాత్రి కేరల్స్‌కి వచ్చిన పిల్లలు టీలో ముంచుకు తిన్నారు, పాపం.

జవాబు (పర్లాకిమిడి):
పాకం ముదిరిందమ్మా. నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కావాలి, టంగుమని మోగకూడదు. బియ్యం తడి ఆరకముందే పిండి పట్టించు.

జవాబు (రాయగడ):
మా పక్కింటి ఒడియా ఆవిడ అరిసా పిఠాకి నువ్వులు అద్దుతుంది. ఇప్పుడు మా ఇంట్లోనూ అంతే.

అడిగినావిడ:
నిన్న అరకిలోతో చేశా. మెత్తగా వచ్చాయి! అత్తగారు ఒకటి కొరికి, "నువ్వులెందుకే?" అన్నారు. రెండోది కూడా అడిగారు లెండి.