సబ్బు బంగారం, వాసనే పడట్లేదు. షేవింగ్ సబ్బు వాసన మార్చడానికి దారేమైనా ఉందా?

గిన్నెనురగ:
అందరికీ నమస్కారం. అనుభవం ఉన్నవాళ్లు కాస్త ఓపికగా చదివి చెప్పండి. నా చర్మం బాగా సున్నితం. ఏ క్రీము వాడినా మెడ దగ్గర ఎర్రగా పొక్కి సాయంత్రం దాకా మండేది. చాలా నెలలు వెతగ్గా వెతగ్గా ఒక సబ్బు కుదిరింది. గట్టి బిళ్ల, నురగ చిక్కగా వస్తుంది, బ్లేడు ఎక్కడా పట్టేయకుండా జారిపోతుంది, మంట అన్నదే లేదు. కానీ దాని వాసన నాకు అస్సలు పడట్లేదు. పచౌలి అనే ఆకు నూనె అనుకుంటా, తడి మట్టిలాంటి ఘాటు, దానికి తోడు తియ్యగా పౌడరు వాసన. గిన్నెలో బ్రష్ తిప్పడం మొదలుపెట్టగానే గుప్పున కొడుతుంది, షేవ్ అయ్యేలోపు తల పట్టేస్తుంది. సబ్బు మార్చేయమని మాత్రం చెప్పకండి, ఇది దొరకడానికి ఎంత అవస్థ పడ్డానో నాకే తెలుసు. మూత తీసి గాలికి పెడితే పోతుందా? లేక నిమ్మ నూనె నాలుగు చుక్కలు వేసి కప్పేయొచ్చా? నిమ్మరసం పిండితే ఎలా ఉంటుందని కూడా అనిపించింది. చెడగొట్టుకుంటానేమో అని భయంగా ఉంది, అందుకే ముందు అడుగుతున్నా.

పాతబ్రష్:
బ్రదర్, సబ్బు మీద చెయ్యి వేసే ముందు రెండు సులువైన పనులు చేసి చూడు. మొదటిది నీళ్లు. వేడి నీళ్లతో నురగ తీస్తే వాసన రెట్టింపు లేస్తుంది, అదే చల్లటి నీళ్లతో తీస్తే చాలా తగ్గుతుంది. నురగ రావడానికి కొంచెం ఎక్కువ సేపు తిప్పాలి, అంతే. రెండోది, గిన్నెలో కాకుండా నేరుగా ముఖం మీదే బ్రష్‌తో నురగ తియ్యకు, ముక్కు కిందే అంత సేపు తిప్పితే ఏ వాసనైనా తలకెక్కుతుంది. గిన్నెలో తీసుకుని, గిన్నె దూరంగా పెట్టుకుని రాసుకో. ఇంకో మాట, నీ గిన్నె ప్లాస్టిక్‌దా? ప్లాస్టిక్ వాసన పీల్చుకుని వదలదు. స్టీలు గానీ పింగాణీ గానీ గాజు గానీ వాడు. బ్రష్ వెంట్రుకలు కూడా అంతే, పాత సబ్బు వాసన వాటిలో రోజుల తరబడి ఉండిపోతుంది. నేను ఒకసారి సబ్బు మార్చి వారమైనా పాత వాసనే వస్తోందేంటి అని సబ్బునే అనుమానించాను, చూస్తే అదంతా బ్రష్‌లోంచి వస్తోంది.
గాలికి పెట్టే విషయానికొస్తే, నాకైతే పనిచేసింది. మూత తీసి రెండు వారాలు అలమరలో ఉంచాను, సగానికి సగం తగ్గింది.

సబ్బుపొయ్యి:
నేను ఇంట్లోనే సబ్బులు చేస్తానండి, షేవింగ్ సబ్బులు కూడా. పాతబ్రష్ గారు నీళ్ల గురించి, గిన్నె గురించి చెప్పినవి సరైనవే. గాలికి పెట్టడం దగ్గర మాత్రం ఒక చిక్కు ఉంది. పరిమళంలో అన్నీ ఒకే వేగంతో ఎగిరిపోవు. నిమ్మ, నారింజ, పుదీనా లాంటి తేలిక వాసనలు ముందు పోతాయి. పచౌలి, చందనం, వెటివర్ (వట్టివేరు) లాంటివి బరువైనవి, నెలల తరబడి కూర్చుంటాయి. పాతబ్రష్ గారి సబ్బులో బహుశా తేలిక వాసన ఎక్కువ, అందుకే తగ్గింది. మీకు పడనిదే పచౌలి కదా, దాన్ని గాలికి పెడితే దానికి తోడుగా ఉన్న తేలికవి ముందు ఎగిరిపోయి పచౌలి ఇంకా పైకి తేలుతుంది. సబ్బు ఎండి పగుళ్లు కూడా వస్తాయి.
నిమ్మరసం మాత్రం వద్దే వద్దండి. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల లవణం. దానికి పులుపు తగిలితే మళ్లీ విడిపోయి కొవ్వు ఆమ్లాలుగా మారిపోతుంది, తెల్లటి జిగురు తరకలు మిగులుతాయి, నురగ పోతుంది. వెనిగర్ అయినా అంతే. నిమ్మ నూనెలో ఆ పులుపు ఉండదు కాబట్టి సబ్బు విరగదు, కానీ అది రెండు మూడు వారాల్లో ఎగిరిపోతుంది, మళ్లీ పచౌలి అక్కడే ఉంటుంది. పైగా చల్లగా పిండి తీసిన నిమ్మ, బెర్గమాట్ (నిమ్మజాతి పండే) నూనెలు చర్మం మీద మిగిలి ఎండ తగిలితే మచ్చలు పడే గుణం ఉన్నవి. కడిగేసే సబ్బులో ఆ ప్రమాదం తక్కువే, అయినా అప్పుడే గీసిన చర్మం కదా, అజాగ్రత్త ఎందుకు.
అసలు ఒక వాసన మీద ఇంకోటి వేస్తే మొదటిది చచ్చిపోదండి. రెండూ కలిసి మూడోది అవుతుంది. కాబట్టి పచౌలిని ఓడించే వాసన కాదు, దానితో కలిసిపోయేది వెతకాలి. లావెండర్, దేవదారు బాగా కలుస్తాయి. 1882లో హూబిగాన్ సంస్థ తెచ్చిన ఫూజేర్ రోయాల్ అనే పరిమళంలో లావెండర్, కూమరిన్ (ఎండు గడ్డిలాంటి తియ్యటి వాసన), ఓక్‌మాస్ (ఓక్ చెట్ల మీద పెరిగే నాచులాంటిది) కలిపారు, ఇప్పటికీ షేవింగ్ సామాన్లలో మనం బార్బర్ షాపు వాసన అనుకునేది చాలా వరకు ఆ కుటుంబందే. మట్టి వాసన పక్కన లావెండర్ పెడితే ముక్కు దాన్ని అలవాటైన శుభ్రమైన వాసనగా తీసుకుంటుంది.

గిన్నెనురగ:
చాలా థాంక్సండి, నిమ్మరసం పిండకుండా ఆపారు. లావెండర్ నూనె నా దగ్గర ఒక సీసా ఉంది, కొని ఎన్నేళ్లయిందో గుర్తులేదు. బిళ్ల వంద గ్రాములుంటుంది. కరిగించి కలపొచ్చా? ఎన్ని చుక్కలు వేయాలి?

సబ్బుపొయ్యి:
ఆ పాత సీసా వాడకండి. లావెండర్, నారింజ నూనెలు మూత తీసి పెట్టి ఏళ్లు గడిస్తే గాలితో కలిసి మారిపోతాయి, అలా మారిన నూనే చర్మానికి అలర్జీ తెప్పించేది. మీ చర్మం అసలే సున్నితం.
కరిగించడం కూడా వద్దు. పారదర్శకంగా ఉండే గ్లిసరిన్ సబ్బులు వేడి నీళ్ల గిన్నెలో పెడితే చక్కగా కరుగుతాయి. మీది గట్టి బిళ్ల అంటున్నారు, అలాంటివాటిలో స్టియరిక్ ఆమ్లం అనే గట్టి కొవ్వు ఆమ్లం ఎక్కువ, కరగవు, ముద్దయి అడుగంటుతాయి, వాసన ఇంకా పాడవుతుంది. తురమడమే దారి.
ఇక లెక్క. నేను బుగ్గల మీద వాడే సబ్బుకి బరువులో 1 శాతం దాటనివ్వను. వంద గ్రాములకి అది ఒక గ్రాము, అంటే సుమారు పాతిక చుక్కలు. కానీ మీ సబ్బులో తయారుచేసినవాళ్లు వేసిన పరిమళం ముందే ఉంది కదా, దాని మీద మళ్లీ అంత వేస్తే మంట పుడుతుంది. పది చుక్కలతో ఆపండి. మొత్తం బిళ్ల మీద వేసే ముందు గిన్నెలో నురగకి వేసి చూడండి, అయితే పూర్తి చుక్క వేయకండి. ఒక షేవ్‌కి కరిగే సబ్బు గ్రాము, గ్రామున్నర మాత్రమే, దానికి ఒక చుక్క అంటే 3, 4 శాతం అయిపోతుంది. పుల్ల కొనని నూనెలో ముంచి నురగలో తిప్పితే చాలు. ముందు మోచేతి మడత మీద ఆ నురగ రాసి, కడిగి, రెండు రోజులు చూడండి.
అన్నిటికంటే మంచి ఉపాయం ఇంకోటి ఉంది. పరిమళం అసలు లేని షేవింగ్ సబ్బు ఒకటి తెచ్చి, రెండూ తురిమి, సమానంగా కలిపి, చిటికెడు నీళ్లు చల్లి గిన్నెలోకి అదిమేయండి. వాసన సగమవుతుంది, కొత్తగా నూనె ఏదీ వేయక్కర్లేదు. నేనైతే మీకు ఇదే చెప్తాను. కొనేటప్పుడు లేబుల్ మీద పదార్థాల జాబితా చదవండి, "అన్‌సెంటెడ్" అని రాసి ఉన్నా కొన్నిట్లో వాసన కప్పడానికి పరిమళం కలుపుతారు. జాబితాలో పర్ఫ్యూమ్ అన్న మాటే లేనిది తీసుకోండి.

లవంగదెబ్బ:
అన్నా, నా అనుభవం ఒకటి చెప్తా, దయచేసి సీరియస్‌గా తీసుకో. నేను లవంగ నూనె ఘాటుగా బాగుంటుందని సబ్బులో పదిహేను చుక్కలు దాకా వేశాను. మొదటి రోజు బాగానే ఉంది. మూడో రోజుకి రెండు బుగ్గలూ ఎర్రబడి, రాత్రి నిద్ర పట్టనంత మంట, నాలుగు రోజులు షేవ్ చేసుకోలేకపోయా. డాక్టర్ చెప్పాక తెలిసింది, లవంగంలో ఉండే యూజినాల్, దాల్చిన చెక్క నూనెలో ఉండే సిన్నమాల్డిహైడ్ చర్మానికి బాగా చురుకైనవట. ఇంట్లో ఉన్నాయి కదా అని వేసెయ్యకు. పుదీనా నూనె కూడా ఎక్కువైతే కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది.

పాతబ్రష్:
తమ్ముడు చెప్పింది నిజం. మెంథాల్ కూడా అలాగే. కొంతమంది వాసన కప్పడానికి మెంథాల్ పలుకులు కలుపుతారు, చల్లదనం తగిలేసరికి ముక్కు దృష్టి అటు పోతుంది. నాకు బాగా ఇష్టం, కానీ సున్నిత చర్మం ఉన్న మనిషికి సలహా ఇవ్వను. ఇంకో సంగతి అడగడం మర్చిపోయా బ్రదర్. ఆ వాసన సబ్బు కొన్నప్పటి నుంచీ ఉందా, మధ్యలో మొదలైందా? మధ్యలో వచ్చి, పాడైన నూనె వాసనలా ఉండి, బిళ్ల మీద నారింజ రంగు మచ్చలు కనిపిస్తే అది పరిమళం కాదు, లోపలి కొవ్వు చెడింది. దాన్ని ఏ నూనెతోనూ కప్పకూడదు, పారెయ్యాలి.

గిన్నెనురగ:
మొదటి రోజు నుంచీ ఇదే వాసన అన్నా, మచ్చలు లేవు.

గిన్నెనురగ:
మూడు వారాలయింది, ఏం చేశానో చెప్తున్నా, తర్వాత వెతికేవాళ్లకి పనికొస్తుంది. ముందు గిన్నె మార్చి, చల్లటి నీళ్లకి వచ్చాను. తలనొప్పి అక్కడే చాలా తగ్గింది, నేను అనుకోలేదు. బ్రష్‌ని గిన్నెలు తోమే లిక్విడ్‌తో రెండుసార్లు కడిగి ఆరబెట్టాను, నురగ తియ్యకుండా వాసన చూస్తే ఇంకా లీలగా పచౌలి తగులుతోంది, మళ్లీ కడగాలి. తర్వాత సగం బిళ్ల మాత్రమే తురిమాను, మిగతా సగం జాగ్రత్తగా దాచుకున్నా, తేడా వస్తే వెనక్కి వెళ్లొచ్చని. పరిమళం లేని సబ్బు తురుము అంతే బరువు తూచి కలిపి, చెంచా నీళ్లు పోశాను. అది ఎక్కువైంది, ముద్ద ఆరడానికి ఐదు రోజులు పట్టింది. చేసేవాళ్లు పదేసి చుక్కలు వేస్తూ పిసకండి.
నురగ ఇదివరకంత చిక్కగా లేదు, ఉన్న తేడా చెప్పాలి కదా. జారుడు మాత్రం అలాగే ఉంది, మెడ మీద ఒక్క పొక్కు లేదు. వాసన ఇప్పుడు దూరం నుంచి వస్తున్నట్టుంది. కొత్త లావెండర్ సీసా కొన్నా, మోచేతి మీద చూశాను, ఏమీ కాలేదు, నిన్న పుల్ల కొనతో నురగలో తిప్పాను. సబ్బుపొయ్యి గారు చెప్పినట్టే పచౌలి పోలేదు, కానీ ఇప్పుడు నాకు అది అడ్డు అనిపించట్లేదు. బిళ్లలో కలపాలా, ఇలా రోజూ పుల్లతోనే కానివ్వాలా?

సబ్బుపొయ్యి:
చాలా సంతోషం అండి. పుల్లతోనే కానివ్వండి. చర్మం ఏ రోజైనా చిటపటలాడితే ఆ రోజు మానేయొచ్చు, బిళ్లలో కలిపేశాక ఆ వీలుండదు. లావెండర్ సీసా మీద ఇవాళ్టి తేదీ రాసి, చీకట్లో చల్లగా పెట్టండి.