8 అంగుళాల సాలిడ్ సిమెంట్ బ్లాకు గోడ: చదరపు అడుగుకు గుత్త ఎంత చెప్పాలి?

కొత్తగుత్త:
నమస్తే అన్నలూ. ఇన్నాళ్లూ మావి ఎర్ర ఇటుక పనులే, వెయ్యికి ఇంత అని మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడొక ఇల్లు మొత్తం సాలిడ్ సిమెంట్ బ్లాకుతో కట్టమంటున్నారు. బయటి గోడలు 16×8×8, లోపలివి 16×8×4. గ్రౌండ్, పైన ఇంకో ఫ్లోరు, ఎత్తు 10 అడుగులు. సామాను యజమానిది, కూలీలూ పరంజా మావి. లారీ దింపే చోటు గోడకు 60 అడుగుల దూరం. ఒక్క బ్లాకు ఎనిమిది ఇటుకల చోటు నింపుతుంది, పని తొందరగా తెములుతుంది కదా, రేటు తగ్గించమంటున్నారు. ఎంత చెప్పాలి? కట్టడంలో ఇటుకకూ దీనికీ తేడా ఏమిటి?

మట్టంబద్ద:
ఎనిమిది ఇటుకల చోటు నింపే బ్లాకు ఎనిమిది ఇటుకల బరువూ ఉంటుంది తమ్ముడూ. ముందు ఆ లెక్క యజమాని ముందు పెట్టు. 16×8×8 అంటాం గానీ అచ్చు 400×200×200 మి.మీ. అంటే 0.016 ఘనపు మీటరు. ఒక్కోటి 32 నుంచి 35 కిలోలు తూగుతుంది. 4 అంగుళాలది 17 కిలోల దాకా. రోజుకు వంద పెద్ద బ్లాకులు కట్టారంటే మూడు టన్నులకు పైనే, అదీ కుప్ప దగ్గర ఒకసారి, గోడ దగ్గర ఒకసారి, వరస మీద ఒకసారి ఎత్తాలి.

10 మి.మీ. సందుతో 100 చదరపు అడుగులకు 108 బ్లాకులు పడతాయి, విరిగేవి కలుపుకుని 112 తెప్పించమను. మాలు 1:6 (సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు) కలిపితే ఆ వంద చదరపు అడుగులకు సిమెంటు దాదాపు ఒక బస్తా, ఇసుక ఏడెనిమిది ఘనపు అడుగులు. సందు 15 మి.మీ. అయిందంటే సిమెంటు బస్తాన్నర దగ్గరికి పోతుంది, ఆ మాట నీ మీదికే వస్తుంది.

రేటు ఇలా కట్టు. కూలీ అంకెలు ఉదాహరణకే, మీ ఊరి రేట్లు వేసుకో. మేస్త్రీ 1,100, ఇద్దరు హెల్పర్లు 750 చొప్పున, రోజుకు 2,600. ఐదడుగుల ఎత్తు వరకు రోజుకు 100 బ్లాకులు, అంటే 92 చదరపు అడుగులు. చదరపు అడుగుకు 28 రూపాయలు. ఐదడుగులు దాటి పరంజా ఎక్కితే 65 బ్లాకులు, 60 చదరపు అడుగులు, చదరపు అడుగుకు 43. పదడుగుల గోడకు సగటు 36 దగ్గర. పరంజా, పనిముట్లు, వాన రోజులు, నీ మిగులు కలిపి 15 శాతం వేస్తే 41. పై ఫ్లోరుకు ఎక్కించడానికి ఇంకో మనిషి కావాలి, అక్కడ 53 దాకా వెళ్తుంది. రెండు ఫ్లోర్లకూ ఒకే రేటు మాత్రం ఒప్పుకోకు. బ్లాకులు గోడకు 20 అడుగుల లోపు దింపిస్తేనే ఈ రేటు అని కాగితం మీద రాయి. 60 అడుగులైతే మోతకు వేరే మాట్లాడాలి. తలుపులు, కిటికీల ఖాళీ కొలతలోంచి తీస్తారా లేదా అన్నదీ అప్పుడే తేల్చుకో. తీసేస్తే అంచుల్లో సగం బ్లాకులు కోసే పనికి డబ్బు అడుగు.

తాపీపని:
రేటు సంగతి అన్న చెప్పారు. కట్టడంలో ఎర్ర ఇటుకతో పడిన చేతి అలవాటు ఇక్కడ దెబ్బతీస్తుంది.

మొదటిది నీళ్లు. ఇటుకను నానబెట్టినట్టు బ్లాకుల మీద పైపు పెట్టకండి. ఈ బ్లాకు నీళ్లు తక్కువ పీలుస్తుంది. తడిసినది పెడితే మాలు మీద తేలుతూ జారుతుంది, గోడ ఆరాక కుంచించుకుని పగుళ్లు తెస్తుంది. మరీ ఎండగా ఉంటే ముఖం మీద చేత్తో కాస్త చిలకరిస్తే చాలు. అచ్చు పోశాక 14 రోజులు తడిపి, తర్వాత నాలుగు వారాలు ఆరిన బ్లాకే తీసుకోండి. పచ్చి బ్లాకు మూల గోటితో గీకితే రాలుతుంది.

రెండోది మాలు. పలచనైతే 33 కిలోల బరువుకు పక్కలకు పొంగి, వరస మట్టం దిగిపోతుంది. గుప్పిట్లో పట్టి వదిలితే ఉండ నిలవాలి. 15 మి.మీ. పరిస్తే బ్లాకు దిగాక 10 మిగులుతుంది. బ్లాకు తలకు (పక్క బ్లాకును తాకే చివరకు) మాలు ముందే పట్టించి, ఇద్దరూ ఎత్తి నిటారుగా దించి, రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేయండి. ఒకసారి కూర్చున్నాక మళ్లీ కదిపితే పట్టు పోతుంది. తీసేసి కొత్త మాలు వేయాల్సిందే. నిలువు సందులు పైనుంచి తాపీతో పొడిస్తే లోపల బోలుగా ఉండిపోతాయి. వానకు చెమ్మ దిగేది అక్కడినుంచే.

రోజుకు ఆరు వరసలు, అంటే నాలుగడుగులు దాటొద్దు. కింది మాలు గట్టిపడకముందే పై బరువు పడితే గోడ పొట్ట వేస్తుంది. బీము కింద అంగుళం, అంగుళంన్నర వదిలి వారం తర్వాత నింపండి. పిల్లరు పక్కన గీతలు కొట్టి సిమెంటు పాలు పూయండి, ప్లాస్టరింగ్ ముందు ఆ అతుకు మీద రెండు పక్కలా ఆరంగుళాలు వచ్చేలా చికెన్ మెష్ (సన్న తీగల వల) కొట్టండి. 1:4 మాలు బలమనుకుంటారు గానీ, గోడ కుంచించుకున్నప్పుడు సందుకు బదులు బ్లాకే చీలుతుంది.

సైట్‌ఇంజినీరు:
పై ఫ్లోరు మొదలయ్యాక బ్లాకులన్నీ స్లాబు మధ్యలో పేర్చేస్తారు, అదే ప్రమాదం. ఇళ్ల స్లాబుకు డిజైన్‌లో తీసుకునే భారం చదరపు మీటరుకు 200 కిలోలు. అంటే పెద్ద బ్లాకులు ఆరు. బీముల మీద, పిల్లర్ల దగ్గర ఒక్క వరసగా పరవండి, ఆ రోజుకు సరిపడా మాత్రమే ఎక్కించండి.

ఇంకో మాట. భవన నిర్మాణ కార్మికుల 1998 కేంద్ర నిబంధనల్లో ఒక్కరు మోయగల బరువుకు హద్దు పెట్టారు: పురుషులకు 55 కిలోలు, స్త్రీలకు 30. మన దగ్గర హెల్పర్లు ఎక్కువగా ఆడవాళ్లే. ఈ బ్లాకు ఒక్కటే ఆ 30 దాటుతోంది. కాబట్టి ఇద్దరు పట్టాలి, లేదా చక్రాల బండి, పైకి లిఫ్టు మిషను ఉండాలి. ఆ అద్దె గుత్తలో కలపండి. నడుము పట్టేసిన మనిషి రేపు పనికి రాలేదంటే ఆ లెక్కలన్నీ తప్పుతాయి.

కొత్తగుత్త:
చాలా థాంక్స్ అండి. ఈ లెక్క చూపిస్తే బయట 6 అంగుళాలు వేద్దామంటున్నారు. అది 25 కిలోలే కదా, మూలల్లో ఏమైనా ఇబ్బందా?

తాపీపని:
ఉంది. 8 అంగుళాల మందం పొడవులో సరిగ్గా సగం కాబట్టి మూల దానంతటదే కట్టు (పై వరస సందు కింది బ్లాకు మధ్యకు రావడం) కలుస్తుంది. 6 అంగుళాలదైతే మూల తిరిగేచోట 150 మి.మీ. మాత్రమే కనిపిస్తుంది, సగం రావడానికి 50 తక్కువ. ఆ రెండంగుళాల ముక్క మూలకు అతికించకండి, ఊడిపోతుంది. 150 కట్టుతోనే మొదటి వరస పొడిగా పేర్చి చూసి, కోత ముక్కను కిటికీ అంచు దగ్గర సర్దండి. ఇక 4 అంగుళాల లోపలి గోడలకు ప్రతి మూడడుగులకూ రెండు 8 మి.మీ. చువ్వలతో కాంక్రీటు పట్టీ పోయాలి. పట్టీ రేటు రన్నింగ్ అడుగుకు వేరేగా రాసుకోండి, గోడలో కలిపేయొద్దు.