వీఓఎఫ్ కోడ్‌కి జలెసాక్ డిస్క్ టెస్ట్ పాసైతే చాలదా?

మారతహళ్లి_పీజీ:
అందరికీ నమస్తే. ట్యాంక్ కుదుపుకి లోపల నీళ్లు ఎలా ఎగిరిపడతాయో చూడ్డానికి వీఓఎఫ్ (వాల్యూమ్ ఆఫ్ ఫ్లూయిడ్, గ్రిడ్‌లో ఒక్కో సెల్‌లో ఎంత నీరుందో లెక్కపెట్టే పద్ధతి) కోడ్ రాశా, పీఎల్‌ఐసీతో, అంటే సగం నిండిన ప్రతి సెల్‌లో నీటి అంచుని ఒక వాలు గీతగా గీసుకుని జరపడం. టెస్ట్‌గా 1979 నాటి జలెసాక్ డిస్క్ పెట్టా, అంటే గాడి ఉన్న గుండ్రటి బిళ్లని తిప్పి ఆకారం చెదరకుండా వస్తుందో లేదో చూడటం. 100 బై 100 గ్రిడ్, వ్యాసార్ధం 15 సెల్స్, గాడి వెడల్పు 5 సెల్స్. ఒక చుట్టు తిప్పితే గాడి మూలలు కాస్త అరిగాయి అంతే, వాల్యూమ్ ఎర్రర్ 10 పవర్ మైనస్ 13. ఇంకా టెస్టులు కావాలంటున్నారు టీమ్‌లో. ఎందుకు?

కోరమంగళ_సీఎఫ్‌డీ:
తమ్ముడూ, డిస్క్‌ని తిప్పావు గానీ సాగదీయలేదుగా. రైడర్, కోథే 1998లో పెట్టిన వోర్టెక్స్ (సుడి) టెస్ట్ చెయ్. వృత్తం సన్నటి తోకలా సాగి చుట్టలు చుట్టుకుంటుంది, సగం టైమ్ తర్వాత వెనక్కి తిరిగి మళ్లీ మొదటి వృత్తం అవ్వాలి. ఇంకోటి, ఆ వాల్యూమ్ ఎర్రర్ చూపించకు. నీ పద్ధతిలో ఒక సెల్ నుంచి పోయిందే పక్క సెల్‌లోకి వస్తుంది, అది ఎలాగూ నిలబడుతుంది. లెవెల్ సెట్ (అంచుకి ఎంత దూరమో లెక్కగట్టి నీటిని పట్టే ఇంకో పద్ధతి) వాడేవాళ్లు చూపించాల్సిన నంబర్ అది, వాళ్లకి నీళ్లు నిజంగానే తగ్గిపోతాయి. నీకు కావాల్సింది షేప్ ఎర్రర్, అంటే ఆకారం ఎంత చెదిరిందో.

హోసూరు_రోడ్:
ఓపెన్‌ఫోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇదే పని చేసే ఇంటర్‌ఐసోఫోమ్ ఉందిగా, సొంత కోడ్ ఎందుకు?

మారతహళ్లి_పీజీ:
సీఎఫ్‌ఎల్ (ఒక టైమ్ స్టెప్‌లో నీళ్లు సెల్‌లో ఎంత వంతు జరుగుతాయో చెప్పే నంబర్) 0.25 పెట్టానన్నా. అది ఎవరూ అడగట్లేదు.

గిండీ_రీసెర్చ్:
డిస్క్, వోర్టెక్స్ రెండిట్లోనూ వేగం మనమే ఇస్తాం, ప్రెషర్ అన్నదే ఉండదు. కదలని చుక్క పెట్టండి. మిల్లీమీటర్ వ్యాసార్ధం ఉన్న నీటిచుక్క లోపల తలతన్యత వల్ల ప్రెషర్ బయటకన్నా 144 పాస్కల్ ఎక్కువ రావాలి, వేగం సున్నా ఉండాలి. చాలా కోడ్‌లలో అంచు చుట్టూ సుడులు లేస్తాయి.

మారతహళ్లి_పీజీ:
సార్, నా ట్యాంక్ మీటర్లలో ఉంటుంది. అక్కడ తలతన్యత ఏం లెక్కకొస్తుంది?

గిండీ_రీసెర్చ్:
ఒప్పుకుంటా, అది వదిలేయండి. కానీ నీళ్లు గాలికన్నా 800 రెట్లకు పైగా బరువు. ద్రవ్యరాశినీ మొమెంటమ్‌నీ ఒకే లెక్కతో జరపకపోతే అంచు పక్కన గాలికి తుపాను వేగం వచ్చి రన్ చచ్చిపోతుంది. మీ డిస్క్‌లో మొమెంటమ్ ఎక్కడుంది?

మారతహళ్లి_పీజీ:
సీఎఫ్‌ఎల్ ఇంకా తగ్గిస్తే?

కోరమంగళ_సీఎఫ్‌డీ:
సీఎఫ్‌ఎల్ సీఎఫ్‌ఎల్ అని అక్కడే తిరుగుతున్నావేంటి! నా పాత కంపెనీలో ఇదే డిస్క్ బొమ్మ మొదటి స్లైడ్‌లో పెట్టి కస్టమర్ చేత ఓకే అనిపించారు. నీళ్లు వెళ్లి పైకప్పుకి తగిలి కింద గాలి ఇరుక్కున్న చోట మా ప్రెషర్‌కీ ప్రయోగంలో వచ్చినదానికీ పొంతనే లేదు. స్లైడ్ పెట్టినాయన అప్పటికే టీమ్ మారాడు, సంజాయిషీ రాసింది నేను.

మారతహళ్లి_పీజీ:
మీ పాత కంపెనీ మీద కోపం నా మీద చూపిస్తే ఎలా అన్నా? నేను కాంట్రాక్ట్ మీద ఉన్నా, శుక్రవారం రిపోర్ట్, వచ్చే నెల రెన్యువల్. ఇంకో వారం అడిగితే నా సీట్లో ఇంకొకర్ని కూర్చోబెడతారు. మీకు తప్పు బయటపడాలి, నాకు ఉద్యోగం ఉండాలి.

కోరమంగళ_సీఎఫ్‌డీ:
ఈ ముక్క మొదటే చెప్పాల్సింది. శుక్రవారానికి ఇది చాలా అని అడిగుంటే వేరేలా చెప్పేవాణ్ణి. అరిచినందుకు ఏమనుకోకు. వోర్టెక్స్ టూడీనే, ల్యాప్‌టాప్ మీద ఈ రాత్రికి అయిపోతుంది. మొమెంటమ్ టెస్ట్ చెయ్యలేదని రిపోర్ట్‌లో ఒక లైన్ రాయి, నీ పేరు కిందే రాయి. రేపు ఎవరైనా వేలు చూపిస్తే ఆ లైనే నిన్ను కాపాడుతుంది.

గిండీ_రీసెర్చ్:
ఆ లైన్ చూస్తే మేనేజర్ సంతకం పెడతాడా?

కోరమంగళ_సీఎఫ్‌డీ:
పెట్టకపోతే టైమ్ ఆయనే ఇవ్వాలి.

మారతహళ్లి_పీజీ:
వోర్టెక్స్ అయింది, 64 బై 64. తోక చివర ఆరు ముక్కలై చుక్కల్లా విడిపోయింది, వెనక్కి వచ్చాక వృత్తానికి ఒక పక్క సొట్ట. వాల్యూమ్ ఎర్రర్ మాత్రం అదే 10 పవర్ మైనస్ 13. 128 పెట్టి పడుకుంటున్నా, ఆ లైన్ రిపోర్ట్‌లో రాశా.